గోడ మీది బోర్డు

ఆదివారం రాత్రి, మాధవరం, చెన్నై

సాయంత్రం లలిత తమ్ముడు రమణ వచ్చాడు. కాఫీ తనే కలిపి తెచ్చాడు. టీవీలో కొత్త ఆరోగ్య చట్టం మీద చర్చ నడుస్తోంది.

"బావా, ఇది వచ్చిందంటే ప్రాణం మీదికొచ్చినోళ్లకి ముందు వైద్యం చెయ్యాల్సిందే. అక్కను ఆస్పత్రిలో కూర్చోబెట్టినట్టు ఇంకెవుర్నీ ఆడ కూర్చోబెట్టేదానికి లేదు" అన్నాడు.

"చూద్దాం" అన్నాను.

ముందు వైద్యం అనే మాట, లలితను తీసుకెళ్లిన ఆస్పత్రి గోడ మీద అప్పటికే ఉంది. నెల్లూరు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా నాకు తమిళం చదవడం రాలేదు. బస్సుల మీద ఊర్లు, కొట్ల పేర్లు, అన్నీ లలితే చదివి చెప్పేది. ఆ రోజు కూడా ఛాతీ పట్టుకుని కూర్చుని, అలవాటు కొద్దీ ఎదురుగా ఉన్న బోర్డు చదివింది.

"అత్యవసరమైతే అన్నిటికంటే ముందు వైద్యమేనంట. భయపడబాకండి."

ఇన్సూరెన్స్ వాళ్ల అనుమతి వచ్చేదాకా ఆగమన్నారు. అది వచ్చేసరికి లలిత లేదు.

రమణకు ఈ బోర్డు సంగతి ఇవాళ కూడా చెప్పలేదు. వాడికైనా ఏదో ఒక నమ్మకం ఉండనీ అనిపించింది.

చట్టం రావచ్చు. పాత బోర్డు తీసి కొత్తది పెడతారు. దాని ఎదురుగా కూర్చుని ఎవరో ఎవరికో చదివి వినిపిస్తారు.