కుంట హాజరు

ప్రియమైన అక్కకు,

నేను క్షేమం. నీ నడుం నొప్పి ఎలా ఉందో రాయలేదు.

ఏడో తరగతికి ఆవరణ వ్యవస్థ పాఠం మొదలుపెట్టాను. బడి వెనక ఉన్న చిన్న కుంటనే పుస్తకం చేసుకున్నాను. అందులో ఉండే జీవుల్ని పిల్లలకు తలా ఒకటి అప్పగించాను. పొద్దున్నే గట్టు మీదికి వెళ్లి ఎవరి జీవిని వాళ్లు చూసి రావాలి. హాజరులో నేను పిల్లల పేర్లు పిలవను. "కప్ప" అంటాను. కనిపిస్తే "ఉంది సార్" అంటారు, లేకపోతే "లేదు సార్". నాచు వచ్చిన అమ్మాయి మొదటి రోజు ఏడ్చింది. "అందరివాటికీ కాళ్లో రెక్కలో ఉన్నాయి. నాది ఉట్టి జారుడు సార్" అంది. నువ్వు లేకపోతే మిగతా ఎవరికీ తిండి లేదని చెప్పాను. ఇప్పుడు తలెత్తుకుని తిరుగుతోంది.

నేను మాత్రం గట్టుకు వెళ్లను. వెనకాలే నేను సరిచూస్తానని తెలిస్తే పిల్లలు చూడటం మానేస్తారు.

అవతలి ఒడ్డున లారీలు కడిగే షెడ్డు వెలిసింది. ఆ నీళ్లు కుంటలోకే వస్తున్నాయి. మొన్న కప్ప, తూనీగ ఒకేసారి "లేదు సార్" అన్నాయి. ఆ మధ్యాహ్నం నాకు భోజనం డబ్బా మూత తీయబుద్ధి కాలేదు. కుంట పూడ్చి బస్సులు నిలుపుకోవాలని బడి యాజమాన్యం చూస్తోంది. అందులో జీవం ఉందని తేలితేనే ఉంచుతారట. తేల్చడానికి అధికారి వస్తాడు.

నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

నా నడుం సంగతి అడక్కు. అది నాకంటే ముందే రిటైరైంది. ఇంతకీ నీటిపామును ఎవరికిచ్చావురా? ఆ బిడ్డ తల్లి ఇంకా నీ మీదికి రాలేదంటే ఆవిడ చాలా ఓపికమంతురాలు.

కుంటల గురించి నాకు తెలియదు. నువ్వు తెలుసు. చిన్నప్పుడు నీ బొమ్మ విరిగితే ఏడ్చేవాడివి కాదు, మూల కూర్చునేవాడివి. అది చూడలేక ఇంటిల్లిపాదీ నిన్ను నవ్వించే పనిలో పడేవాళ్లం. పిల్లల ముందు భోజనం మానకు.

మీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ మాట ప్రకారం రోజూ తింటున్నాను. అంతకంటే మంచి కబురు, కప్ప తిరిగి వచ్చింది. వెనకే తూనీగ వచ్చింది. ఇప్పుడు హాజరులో "లేదు" అనేవాళ్లే లేరు. తరగతి కిటికీలోంచి చూస్తే అటంతా పచ్చగానే ఉంది. షెడ్డు యజమానికి ఎవరో బుద్ధి చెప్పి ఉంటారు.

హాజరంతా ఎత్తి రాసి, సంతకం పెట్టి అధికారికి పంపాను. "మీ కప్పలు మా బస్సులకు అడ్డం పడ్డాయండీ" అన్నాడు హెడ్మాస్టరు. నాకు నవ్వొచ్చింది. నవ్వి చాలాకాలమైంది.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

సంతోషం. ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు.

మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మంచివాడు. ఎవరికైనా తగ్గలేదంటే ఆయన మొహం వాడిపోతుంది. అందుకని ఆయన రౌండ్లకు వస్తే వార్డు వార్డంతా "తగ్గిందండీ" అంటుంది. ఆయన గుమ్మం దాటాక రోగులు నన్ను పిలిచి ఏడుస్తారు. నువ్వొకసారి ఆ గట్టు ఎక్కి చూసిరా.

మీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి కోపమే తెచ్చుకున్నాను. అయినా సెలవు రోజున వల తీసుకుని వెళ్లాను. నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది. వల ఎక్కడ వేసినా నల్ల బురదే వచ్చింది. నత్త గుల్లలు దొరికాయి, అన్నీ ఖాళీవి. కిటికీలోంచి పచ్చగా కనిపించింది గట్టు మీది గడ్డి.

మర్నాడు తరగతిలో అడిగాను. కప్ప కుర్రాడు లేచాడు.

"ఎప్పట్నుంచి లేదురా?"

"లేదని చెప్పాను కదా సార్, అప్పట్నుంచీ లేదు. ఆ రోజు మీరు భోజనం చెయ్యలేదు."

"అయితే?"

"ఇంకెవరూ లేదనకూడదని అనుకున్నాం సార్."

వెనక బల్ల నుంచి ఇంకొకడు అందుకున్నాడు. "నత్త మాత్రం ఒప్పుకోలేదు సార్. మేమే బతిమాలాం."

గట్టుకు వెళ్లడం కూడా ఎప్పుడో మానేశారు. చూసేందుకు ఏమీ లేనప్పుడు ఎందుకు వెళ్తారు?

ఆ వారంలోనే అధికారి వచ్చాడు. కుంట చూపిస్తానంటే లేవలేదు. "మీరు రాశారుగా మాస్టారూ, ఇంకా చూసేదేముంది?" అంటూ కుంటను ఉంచాలనే కాగితం మీద సంతకానికి కలం తీశాడు. నేను రాసింది తప్పని చెప్పాను. ఆయన నన్ను వింతగా చూసి కలం జేబులో పెట్టుకున్నాడు.

నిన్నటి నుంచి లారీలు మట్టి తెచ్చి పోస్తున్నాయి. పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూశారు. నాచు అమ్మాయి నా వైపు తిరిగింది.

"ఆయన నమ్మేశాడు కదా సార్. మీరు ఊరుకుంటే కుంటైనా ఉండేది. నీళ్లుంటే ఏదో ఒకటి తిరిగొచ్చేదేమో."

అది నిజమే. నీళ్లుంటే ముందు నాచు వస్తుంది, తర్వాత మిగతావి వస్తాయి. నేను నేర్పింది అదే.

పుస్తకాలు తీసి తర్వాతి పాఠం చూడమన్నాను. తీశారు. ఒక్కరూ ఏమీ అడగలేదు.

నీ తమ్ముడు