జ్ఞానమ్మ చేతి మేత తిన్న కోళ్లు

తేది: 21-3-2006

మండల పశువైద్యాధికారి గారి సముఖమునకు, రాజోలు.

కాలువగట్టు పేట కాపురస్తుడు, పంచాయతీ ఆఫీసు గుమాస్తాగా పనిచేసి రిటైరైన నేలపూడి శామ్యూల్ వ్రాసి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బ్రాయిలర్ కోళ్లు – లాభసాటి మాంసోత్పత్తి కొరకు మేపు విధానము – సదరు విధానము ప్రకారము మేపిన కోళ్లను తినుటకు ప్రజలు నిరాకరించుట – నా భార్య జ్ఞాపకార్థ కూడికకు తమరు స్వయముగా వచ్చి భోజనము చేయవలసినదిగా కోరుట – గురించి.

1. నాకు అర్జీలు రాయడం కన్నా చదవడం ఎక్కువ అలవాటు. మూడో నంబరు దాటాక ఏ అధికారీ చదవడని, అసలు మాట మొదట్లోనే పెట్టమని ఆఫీసుకు వచ్చినవాళ్లందరికీ నేనే చెప్పేవాడిని. కావున అసలు మాట ఇక్కడే వ్రాయుచున్నాను. నా భార్య జ్ఞానమ్మ గత నెలలో చనిపోయినది. వచ్చే శనివారం మధ్యాహ్నం మా ఇంటి వద్ద ఆమె జ్ఞాపకార్థ కూడిక, ఆ తరువాత ప్రేమవిందు. ఆ విందులో పెట్టే కోడికూర తినడానికి మా పేటలో ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. తమరు వచ్చి తినవలెను. మిగతా నంబర్లన్నీ ఇందుకు గల కారణములు.

2. రిటైరయ్యాక ఇంటి వెనక కొబ్బరిచెట్ల మధ్య తాటాకు షెడ్డు వేసి బ్రాయిలర్ కోళ్లు పెంచుచున్నాము. తమ ఆఫీసులో జరిగిన శిక్షణకు నేను హాజరైతిని. ఈ పనిలో లాభమైనా నష్టమైనా మేత తొట్టిలోనే ఉందని తమరు చెప్పగా రాసుకొని, ఇంటికి వచ్చి చదివి వినిపించాను. చదివింది నేను, చేసింది జ్ఞానమ్మ. కోడిపిల్లలు దిగిన రోజున మేతకు ముందు బెల్లం నీళ్లు పెట్టేది. ఊకపొట్టు మీద పాత పేపర్లు పరిచి మొక్కజొన్న నూక చల్లేది. ఆ పేపరు మీద చూపుడు వేలితో టకటకా కొట్టేది. తల్లికోడి ముక్కు అనుకొని పిల్లలన్నీ చేరి పొడిచేవి. అలా మేత తినడం నేర్చుకునేవి. పేపర్లో చనిపోయినవారి ఫొటోలు వేసే పేజీ మాత్రం పక్కకు తీసేది. "ఎవరి మొహం మీదో కోళ్లు ఏరుకు తింటా ఉంటే నేను చూళ్ళేనండి" అనేది. అలా తీసిన పేజీలన్నీ మడతపెట్టి అటక మీద ఉన్నాయి. వాటిని ఏం చేయాలో నాకు తెలియడం లేదు. ఇది అర్జీకి సంబంధించిన అంశము కాదు.

3. పిల్లలు ఎదిగేకొద్దీ తొట్లను కోడి వీపు ఎత్తుకు సరిగ్గా వచ్చేలా తాళ్లతో పైకి కట్టేది. తొట్టి నిండా పోస్తే సగం కింద పోతుందని కొంచెం కొంచెమే పోసేది. ఎండ ముదిరే వేళ మేత తీసేసి, చల్లబడ్డాక మళ్లీ పెట్టేది. పడుకున్న కోళ్లు లేవడానికి నడుస్తూ ప్రతి తొట్టినీ ఒకసారి కదిపేది. "లేవండమ్మా, లేవండి, లేచి తినండి" అనేది. మా అమ్మాయి రూతును కూడా చిన్నప్పుడు ఇంత బతిమాలి తినిపించలేదు. తమరు శిక్షణలో చెప్పిన తూకానికి ఒక్క బ్యాచ్ కూడా తగ్గలేదు. మేత దుమ్ముకు ఆమెకు దగ్గు మాత్రం పట్టుకుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే, గుడ్డ కట్టుకుంటే కోళ్లు నన్ను గుర్తుపట్టవండి అనేది. గుర్తుపడతాయో లేదో శిక్షణలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

4. గత నెలలో ఎక్కడో దూరాన కోళ్లకు రోగం వచ్చిందని, వాటి నుంచి మనుషులకూ వస్తుందని టీవీలో రోజూ చూపించారు. ఆ వారంలోనే ఒక ఉదయం జ్ఞానమ్మ మేత పోసి వచ్చి, వంటింటి గడప మీద కూర్చొని మంచినీళ్లు అడిగింది. నేను గ్లాసు తెచ్చేలోగా ఒరిగిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లాము. గుండె ఆగిపోయిందని డాక్టరు గారు చెప్పి, కాగితం కూడా ఇచ్చారు. ఆ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయిందట. ఆసుపత్రిలో నర్సమ్మ చూసి తీసుకుంది.

5. ఇక్కడ ఒక విషయం వివరించవలసి ఉన్నది. ఒక బ్యాచ్ వెళ్లిపోగానే షెడ్డులో చేయవలసిన పనులు తమరికి తెలిసినవే. పాత పొట్టు ఎత్తి కాల్చాలి. సున్నం చల్లాలి. గుమ్మంలో పళ్లెంతో సున్నం పెట్టి, వచ్చేవాళ్లు అందులో కాళ్లు అద్దుకొని లోపలికి రావాలి. ఈ పని నేను ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. ఆసుపత్రి నుంచి ఆమెను తెచ్చి వరండాలో పడుకోబెట్టాక, నేను లోపలికి వెళ్లి ఆమె పరుపు, తలగడ పెరట్లోకి లాగి కాల్చినానట. గదిలో సున్నం చల్లినానట. వీధి గుమ్మంలో సున్నం పళ్లెం పెట్టినానట. ఇవేవీ నాకు జ్ఞాపకం లేవు. చూసినవారు చెప్పగా వ్రాయుచున్నాను. పక్కింటి సరోజిని గారు ప్రహరీ అవతల నుంచి "శామ్యూలు గారండీ, ఏం చేత్తన్నారండీ!" అని కేకేస్తే, "బ్యాచ్ అయిపోయిందండీ" అన్నానట.

పలకరించడానికి వచ్చినవాళ్లు ఆ పళ్లెం దగ్గరే ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీవీలో కూడా సరిగ్గా ఇవే చూపించారు కదా, సున్నమూ మంటలూ. నేను ఆమెకు ఏ రోగమూ లేదని చెప్పవలసినవాడిని, ఉన్నదని అందరికీ కనబడేలా చేశాను. బుద్ధిపూర్వకముగా చేసినది కాదు. చేతులు చేశాయి.

6. ఆ సాయంత్రం పాస్టరు గారు జేబురుమాలు ముక్కుకు పెట్టుకొనే ప్రార్థన చేశారు. పెట్టె మోసినవారు తువ్వాళ్లు కట్టుకున్నారు. తిరిగి వచ్చాక మా ఇంట కాఫీ ముట్టలేదు. జ్ఞానమ్మ దగ్గు గురించి అప్పటిదాకా అడగనివారు కూడా, ఆ దగ్గు ఎప్పటి నుంచి ఉందని నన్నే అడిగారు. ఎవరో తమ ఆఫీసుకు ఫోను చేయగా తమరు, సిబ్బంది వచ్చి కోళ్ల రక్తం తీసి పంపినారు. ఏ రోగమూ లేదని ధ్రువపత్రం వచ్చినది. అందుకు కృతజ్ఞుడను. కోళ్లకు తమ కాగితం, జ్ఞానమ్మకు ఆసుపత్రి కాగితం. రెండింటినీ వీధి తలుపు మీద అంటించాను. అవి చదివినవారు, రెండూ పక్కపక్కనే అంటించాడంటే రెండింటికీ ఏదో సంబంధం ఉందనుకున్నారు.

7. ఈ నంబరు వ్రాసి కొట్టివేయడమైనది. పేటవాళ్ల మీద కోపంలో వ్రాసినది. వాళ్లు చెడ్డవాళ్లు కారు.

8. మా దగ్గర కోళ్లు కొని ఎత్తుకెళ్లే చికెన్ సెంటరు వీరవెంకటరమణ గారు గేటు బయట మోటారు సైకిలు మీదే కూర్చొని మాట్లాడి వెళ్లారు. "మీ కోళ్లకేం లేదని నాకు తెలుసండి. మీ కాగితం నేను లామినేషను చేయించి కొట్లో వేలాడదీసినా జనం నమ్మరండి. జ్ఞానమ్మ గారి కోళ్లంటే నేను తూకం కూడా చూసేవాణ్ణి కాదండి. ఇప్పుడు ఆ పేరు ఎత్తితేనే బేరం పోతందండి" అన్నారు. అనేసి కళ్లు తుడుచుకున్నారు. ఆ పేరు ఎత్తితే బేరం పోతుందన్న మాట నేను అప్పటి నుంచి మరిచిపోలేకపోతున్నాను. ఆమె పేరు ఏనాడూ ఎవరి బేరమూ చెడగొట్టలేదు.

ఎత్తవలసిన వయసు దాటిన కోళ్లకు మేత వేయడం నష్టమని తమరు శిక్షణలో స్పష్టంగా చెప్పారు. తిన్నది తూకం కింద మారదని చెప్పారు. తెలిసి కూడా వేయుచున్నాను. ఉదయం వేస్తాను, సాయంత్రం వేస్తాను. ఇప్పుడు నేను చేయుచున్న పని ఇది ఒక్కటే. కోళ్లు బరువెక్కి కాళ్ల మీద నిలబడలేక తొట్టి పక్కనే కూర్చొని తింటున్నాయి. నేనూ ఆ పక్కనే కూర్చుంటున్నాను. ఏడుపు రావడం లేదు. ఎందుకు రావడం లేదని మా అమ్మాయి అడిగితే, మేత బస్తా విప్పడానికి లేచాను.

9. పోయినవారి చేత్తో పండినదో, పెరిగినదో వారి ప్రేమవిందులో తప్పక ఉండాలన్నది మా పేట పద్ధతి. అప్పలరాజు గారు పోయినప్పుడు ఆయన వల వేసే కాలువ చేపలే వండారు. బడిలో పాఠాలు చెప్పే భూలక్ష్మి గారు పోయినప్పుడు ఆవిడ పెరటి బెండకాయలు చాలకపోతే, కొన్న బెండకాయల్లో వాటిని కలిపి వండారు. ఆ ప్రకారం జ్ఞానమ్మకు కోడికూరే. ఆ మాట చెప్పడానికి వెళితే పాస్టరు గారు, సంఘం పెద్దలు నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడారు.

"శామ్యూలు గారండీ, ఈసారికి పప్పు, వంకాయ కూర చాలండి. అందరూ వత్తారు, తింటారు, ఆవిడ్ని తలుచుకుంటారు" అన్నారు పాస్టరు గారు.

"చేపలైనా పెట్టండి" అన్నారు ఇంకొకరు.

"కూర మారిస్తే వస్తారా అండి?" అన్నాను.

"ఆయ్, మారిత్తే ఎందుకు రారండి!"

అందరూ నా మేలు కోరే చెప్పారు. కానీ అయ్యా, కూర మారిస్తే జ్ఞానమ్మ ఆ రోగంతోనే పోయిందని, ఆమె చేతి మేత తిన్న కోడి ముట్టరానిదని, ఆమె భర్తనైన నేనే సంతకం పెట్టి ఇచ్చినట్టు. ఇన్నేళ్లు ఆఫీసులో ఎన్నో తప్పుడు కాగితాల మీద పై అధికారి చెప్పాడని సంతకం పెట్టాను. దీని మీద పెట్టను. ఆ మాట అని లేచి వచ్చేశాను. ఎవరూ రాకపోయినా అదే వండుతాను.

10. జనం భయం పోగొట్టడానికి ఊళ్లో జరిపిన చికెన్ మేళాలో తమరు పాల్గొన్నట్లు పేపర్లో ఫొటో చూశాను. తమరు తొడముక్క పట్టుకొని కెమెరా వైపు చూస్తున్నారు. ఆ రోజు అక్కడ జనం తోసుకొని తిన్నారని, వండినది చాలలేదని మా రూతు చెప్పింది. మా పేటవాళ్లు కూడా వెళ్లి తిన్నారట. అంటే వారికి కోడి అంటే భయం లేదు. మా కోడి అంటేనే భయం. కాగితం నమ్మనివారు కూడా, ఆఫీసరు నోట్లో ముక్క పెట్టుకుంటే నమ్మారు. కావున తమరు శనివారం నాడు వచ్చి, వరండాలో, వీధిలోకి కనబడేలా కూర్చొని తినవలెనని ప్రార్థించుచున్నాను. ఫొటోగ్రాఫరు అవసరం లేదు. ప్రసంగం అవసరం లేదు. తమకు శాకాహారము అలవాటైతే ఆ సంగతి ఫొటోలో తెలియలేదు, మన్నించవలెను. కారం తక్కువ వేయిస్తాము.

తమరు వస్తే పేట అంతా వచ్చి తింటుందని నేను అనుకోవడం లేదు. కొందరైనా గేటు దాకా వస్తారు. జ్ఞానమ్మ చనిపోయినది గుండె ఆగి అని, కోడి వలన కాదని ఆ కొందరైనా ఇంటికి వెళ్లి చెప్పుకుంటారు. ఆమె పేరు మీద ఉన్న ఆ మాట ఒక్కటి తీసివేస్తే చాలు. నష్టపరిహారము, రాయితీ, మరి ఏ ఇతర సదుపాయమూ నేను కోరుట లేదు. పాత బాకీలు, పాత అర్జీలు ఏవీ లేవు.

కావున దయతో పై సంగతులు ఆలకించి, శనివారం మధ్యాహ్నం కూడిక ముగిసే వేళకు మా ఇంటికి విచ్చేయవలెను.

తమ విధేయుడు,
నేలపూడి శామ్యూల్
కాలువగట్టు పేట

తా.క.: పై అర్జీని కవరులో పెట్టబోతుండగా మా అమ్మాయి రూతు తీసుకొని చదివింది. చదివి, మడతపెట్టి నా చేతికి ఇచ్చింది. తరువాత, "అన్నీ రాసేరు నాన్నగారండీ. అమ్మ పోయిన కాణ్ణించీ మీరు ఒక్క కోడిముక్క నోట్లో పెట్టలేదని మాత్రం రాయలేదేంటండి?" అంది.

నిజమే. రోగానికి భయపడి కాదు. కంచంలో వేసుకుంటాను. ముద్ద కలుపుతాను. నోటి దాకా రాదు. అది వీధిలోవాళ్లకు ఎలా తెలుస్తుంది? వాళ్లకు నేను తినకపోవడమే కనబడుతుంది. శనివారం అందరి ఎదుటా నేను తినాలి. ఒక్కడినే కూర్చొని తినలేను బాబూ. మీరు వచ్చి నా పక్కన కూర్చోండి. మీరు ఒక ముద్ద పెట్టుకుంటే నేనూ పెట్టుకుంటాను.