నీ మెక్సికో రొట్టె, మన బర్రె

సువార్తమ్మా,

నువ్వు పోయి ఏడాదైందని ఈరోజు మనింట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టించినా. అందరూ కోడి బిర్యానీ ఉంటాదని వచ్చినారు. నేను మాత్రం నువ్వు ఫోన్లో చూసి చేసే ఆ మెక్సికో రొట్టెలు చేసినా. సజ్జ రొట్టెలో ఉడికిన అలసందలు, ఎర్రగా బీట్‌రూట్ తురుము, పుల్లటి మామిడికాయ, పైన పచ్చగా కొత్తిమీర. మార్కాపురం మార్కెట్లో ఎండాకాలం దొరికేవాటితోనే మెక్సికో చెయ్యొచ్చని నువ్వే అంటివి గదా.

పాస్టరయ్య ప్రార్థన ముగించినాక మీ అన్న రొట్టె విప్పి లోపలికి చూసినాడు. "ఇదేంది బావా, కోడి యాడ?" అన్నాడు. లేదంటే నమ్మలేదు. ఆఖర్న వస్తాదేమోనని రెండో రొట్టె ముట్టకుండా కూచున్నాడు.

ఆయన్ని అనేదానికి నాకు మొహం లేదులే. నీకొక మాట ఒప్పుకోవాల. నువ్వు రొట్టె పెట్టి లోపలికి పోంగానే, సగం తిని మిగతాది బర్రె కుడితి తొట్టిలో వేసేవాణ్ణి. పళ్లెం ఖాళీ అయిందని నువ్వు సంబరపడి ఇంకోటి తెచ్చేదానివి. అదీ బర్రెకే. ఆరేళ్లు నీ వంట తిని బలిసింది నేను కాదు, అది.

ఈరోజు జనం పోయినాక, మీ అన్న వదిలేసిన రొట్టెను తొట్టిలో వేసినా. బర్రె ఆశగా వచ్చి వాసన చూసింది. తినలేదు. మూతి పక్కకు తిప్పి మన వంటింటి తలుపు దిక్కు చూస్తా నిలబడింది.

చేసింది నువ్వు కాదని దానికి తెలిసిపోయింది. నేనూ దాని పక్కనే నిలబడి అటే చూసినా.