మంచినీళ్ళు మింగకూడదు

5 మే 1998
పొద్దున తూకం. జట్టుకి పెట్టిన బరువు హద్దు కన్నా తమ్ముడు రెండు కిలోలు ఎక్కువ. కబడ్డీ సెలక్షన్‌కి వారమే ఉంది. జట్టులోకి వస్తే రైల్వేలో ఉద్యోగం. నా మోకాలు విరక్కపోతే అది నాదే... సరే, వాడిదైనా చాలు.

6 మే
రెయిన్‌కోటు తొడిగి, చెమటతో బరువు దిగాలని, వాడిచేత గుణదల కొండ మెట్లు ఎక్కించా. ఎనిమిది సార్లు. కూరల్లో ఉప్పు మాన్పించా. మంచినీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, మింగకూడదు. నన్నూ మా కోచ్ ఇలాగే తయారుచేశాడు.

8 మే
బద్ధకం వీడికి. మూడో రైడ్‌కే కూత తెగిపోతోంది. "అన్నయ్యా, కాళ్ళు పట్టేస్తున్నాయి..." పిక్కల మీద బెత్తంతో రెండిచ్చా. ఉప్పూ కారం తింటున్నావా లేదా అని అరిచా. తలొంచుకున్నాడు. అన్నం పెడుతూ అమ్మ ఆ వాతలు చూసింది. నాకు వడ్డించకుండానే లేచి వెళ్ళింది.

9 మే
కుళాయికి నోరు పెట్టి తాగుతూ దొరికాడు. జుట్టు పట్టి లాగి చెంప మీద కొట్టా. పన్ను తగిలి పెదవి చిట్లింది. నీళ్ళూ రక్తమూ కలిపి ఉమ్మేశాడు. ఇంకో రెండు... చెయ్యి ఆగలేదు. కోపమొస్తే నేను అచ్చం నాన్నే.

12 మే
తూకం సరిపోయింది. పట్టలేని సంతోషం.
మధ్యాహ్నం ఆట. నిప్పుల ఎండ. మొదటి రైడ్‌లో ఇద్దర్ని అవుట్ చేసొచ్చాడు. రెండోసారి గీత దాటాడు, కూత మధ్యలో ఆగింది. నిలబడ్డచోటే కూలాడు. ఐదుగురు మీద పడ్డారు. నేను కోర్టులోకెళ్ళి తన్నా — లేవరా. లేవలేదు. ఒంటి మీద చెమట చుక్క లేదు. పెనంలా కాలుతోంది.

13 మే
ఆసుపత్రి. సెలైన్ ఎక్కుతోంది. ముందునించీ వీడికి బద్ధకమని చెప్పా. డాక్టరుగారు: "బద్ధకం కాదండీ. ఒంట్లో నీళ్ళూ ఉప్పూ అయిపోయాయి. ఇక కాళ్ళు ఎలా ఆడతాయి? ఎవరండీ మాన్పించింది?"
ఎవరో కోచ్ అన్నా. ‘నేనే’ అని చెప్పలేకపోయా. తమ్ముడు మెలకువగానే ఉన్నాడు. విన్నాడు.

24 మే
జూన్‌లో ఇంకో సెలక్షన్ ఉందట. వాడు అమ్మతో చెప్పాడు, నాతో కాదు.

26 మే
మిట్టమధ్యాహ్నం. రెయిన్‌కోటు తొడుక్కుని మేడ మీద పరిగెడుతున్నాడు, ఒక్కడే. పట్టుకుని విప్పబోయా. ముక్కు మీద గుద్దాడు. చొక్కా అంతా రక్తం. దెబ్బలో బలముంది... అందుకు సంతోషించా, సిగ్గు లేకుండా.

28 మే
వాడు నీళ్ళు తాగడం లేదని అమ్మ ఏడుస్తోంది. గ్లాసు పట్టుకెళ్ళా. "తాగరా. తప్పు నాది." తీసుకున్నాడు. నన్నే చూస్తూ పుక్కిలించి నా కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. గ్లాసు తిరిగి నా చేతిలో పెట్టాడు.
రెయిన్‌కోటు తీసుకుని మేడెక్కుతున్నాడు...