రెండు చేతులతో మోసే బంతి

చిరంజీవి ఎంజార్‌ను నాన్న దీవించి రాయునది. ఇక్కడ నేనూ, ఆవూ, కుక్కా క్షేమం. ద్రాక్షతీగల కత్తిరింపు అయిపోయింది. ఫ్రాన్సులో నువ్వూ, కోడలూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబు. కప్పు కారడం లేదు, పక్కింటి వర్లామ్ వచ్చి రేకు వేసిపోయాడు. మోకాలు నొప్పి, అయినా నడుస్తున్నాను. ఇక నీ మెడ సంగతి. రగ్బీ స్క్రమ్‌లో తలపెట్టి తోసినప్పుడల్లా భుజం నుంచి వేళ్లదాకా నిప్పు పాకుతోందని, ఇంకా ఆడితే చెయ్యి పడిపోతుందని డాక్టరు చెప్పాడని రాశావు. మన దేశపు జట్టు కోచ్ మాత్రం ఈ ఒక్క ప్రపంచ కప్పూ ఆడిపొమ్మంటున్నాడట. "ఆపేస్తే నీకు తలవంపులా నాన్నా?" అన్నావు.

పదమూడేళ్లు ముందువరసలో నిలబడి తోశావు. చెవులు నలిగి ముద్దలయ్యాయి. టీవీలో వాటిని చూసి మీ అమ్మ ఏడ్చేది. ఇంకేం ఇవ్వాలి వాళ్లకి?

పోయిన ఆదివారం చర్చి వాకిట్లో అందరి ముందూ వర్లామ్ నీ మాట ఎత్తాడు.

"ఏం సెవర్యానూ, నీవాడు మెత్తబడ్డాడటగా? ఫ్రాన్సు వెన్న ఎక్కువైందా?"

"నీ కొడుకు గొర్రెపిల్లని ఎత్తలేడు. నువ్వా మాట్లాడేది?"

"అది కాదయ్యా. ఆ ఈస్టరునాడు ఊళ్ల పోటీలో బంతిని వాగు దాటించిన మొనగాడివి నువ్వు. నీకు పుట్టినవాడు వెనక్కి తగ్గుతాడా అంటున్నా."

ఆ మాటకి తల దించుకుని ఇంటికొచ్చేశాను. ఎందుకో చెప్తాను. నా కుడిచెయ్యి ట్రాక్టరు కింద నలిగిందని నీకు చెప్పాను కదా. అబద్ధం. మీ అమ్మకొక్కదానికే తెలుసు. మట్టి కూరిన ఆ బంతి కోసం ఎగువూరూ దిగువూరూ కుమ్ముకునేటప్పుడు, వందమంది కింద నా మెడ నలిగింది. నీకు పాకిన నిప్పే నాకూ పాకింది. పిరికివాడంటారని నోరు మూసుకుని మరుసటేడు మళ్లీ దిగాను. బంతిని వాగు దాటించాను. ఊరు నన్ను భుజాలకెత్తుకుంది. చెయ్యి మాత్రం వేలాడిపోయింది. కోటులో దాచుకుని, వారం తర్వాత నెపం ట్రాక్టరు మీదకి నెట్టాను. ఆ ఎండాకాలమే నువ్వు పుట్టావు. ఆ చేత్తో నిన్ను ఒక్కసారీ ఎత్తుకోలేదు.

నిన్న ఆదివారం మళ్లీ అదే వాకిట్లో నిలబడి అందరికీ చెప్పేశాను.

"మరి ఇన్నేళ్లూ మాచేత పొగిడించుకున్నావేం?" అన్నాడు వర్లామ్.

"సిగ్గులేక. ఇకమీద నావాణ్ని మెత్తనివాడు అన్నవాడి మీద నా ఎడమచెయ్యి బాగానే పనిచేస్తుంది."

మీ కోచ్‌కీ చెప్పు, మా నాన్న వద్దన్నాడని. కోపమొస్తే ఇక్కడికి, మన గురియాకి రమ్మను, నాతో మాట్లాడమను.

కిందటి ఈస్టరుకు మనవాళ్లు గెలిచిన బంతిని, ఆ ఏడు పోయినవాళ్లకి పెట్టే ఆనవాయితీ ప్రకారం మీ అమ్మ సమాధి మీద పెట్టారు. వానలకి తోలు చిరిగి మట్టి కారుతోంది. పక్క జాగా నాది. నేను పోయిన ఏడు బంతి ఎవడు గెలుచుకొచ్చినా సరే, వాగు నుంచి నా దాకా మోసేది నువ్వే. పదహారు కిలోలు. ఒంటిచేత్తో మోసేది కాదు నాయనా.

ఇట్లు,
ఎడమచేత్తో రాసిన నీ నాన్న,
సెవర్యాన్