పసుపు బొట్టు పెట్టిన రికార్డు

లక్ష్మీ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వుంటే సంతోషించే సంగతి ఒకటి జరిగింది, అందుకే రాస్తున్నాను.

యుద్ధం మూలంగా సూదులు దొరక్క మన హోటల్‌లో గ్రామఫోను మూగబోయింది. మొన్న సంతరోజు నల్లగొండకు పట్నం నుంచి రికార్డుల కంపెనీ ఏజెంటు వచ్చాడు.

"సూదులు ముఫత్‌గ ఇస్త సేఠ్, పైసలొద్దు. గని మా కంపెనీ పాటలే పెట్టాలె, వేరేటియి బంద్" అన్నాడు.

సరేనన్నాను. అతని కొత్త పాటలు రెండు పెట్టాను. పానగల్ నుంచి గొర్రెలు తోలుకొచ్చిన మీ తమ్ముడు మల్లయ్య చాయ్ పక్కకు జరిపాడు.

"గివి నువ్వే ఇను బావా. మా అక్క పాట పెట్టు, లేకుంటె నీ చాయ్ గూడ నువ్వే తాగు."

అందరూ నవ్వారు. చదువు రాని నువ్వు, నీకిష్టమైన పాటను గుర్తుపట్టడానికి పసుపు బొట్టు పెట్టుకున్న రికార్డు తీశాను. ఏజెంటు అందుకుని చూశాడు. కంపెనీ పేరు సరిగ్గా నీ బొట్టు కిందే దాగిపోయింది.

"జర తుడువు సేఠ్, ఎవరిదో చూస్త."

"మా ఇంటామె పెట్టింది. ఇప్పుడు లేదు. నేను తుడువ."

అతను రికార్డు తిరిగిచ్చాడు.

"పేరు కనపడ్తలేదు గద. మాదే అనుకుందం, పెట్టు."

ఇప్పుడు రోజూ పొద్దున మొదటి పాట నీదే. కొత్త సూదికి గ్రామఫోను చక్కగా పలుకుతోంది. రికార్డు మీది దుమ్ము తుడిచేటప్పుడు మాత్రం, బొట్టు దాకా వచ్చి చెయ్యి ఆపుతాను.