మహిళా పాఠకులు పెరిగిన ఏడాది

జనవరి 5

కొత్త సంవత్సరం కానుకగా పై ఆఫీసు నుంచి చీవాట్లు. పోయినేడాది లైబ్రరీ వాడకం లెక్కల్లో మహిళా పాఠకుల గడి దాదాపు ఖాళీగా ఉందట, కారణాలు వివరించాలట. ఏం వివరించను? పొద్దున్నే పేపర్ల కోసం పోట్లాడుకునే రిటైరైన పెద్దమనుషులు, మధ్యాహ్నం పోటీ పరీక్షల కుర్రాళ్ళు, సాయంత్రం ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చే బీమా ఏజెంటు. వీళ్ళ మధ్య ఏ ఆడది వచ్చి కూర్చుంటుంది? పుస్తకం మార్చుకుని గుమ్మంలోంచే వెళ్ళిపోయే టీచరమ్మలు ఒకరిద్దరు తప్ప ఎవరూ రారు. రోజూ నా పేరే రాసెయ్యమని అటెండర్ సలహా. నేనూ ఆడదాన్నే కదా అని ఆయన పాయింటు.

జనవరి 21

మరదలికి మళ్ళీ చలిజ్వరం, మళ్ళీ యూరిన్ ఇన్ఫెక్షన్. రెండు కడుపులు ఇలాగే పోయాయి, రెండూ నాలుగో నెల దాటలేదు. ముందు ఇది తగ్గించుకో, బాగా నీళ్ళు తాగు, ఆపుకోకు, అప్పటిదాకా పిల్లల ఊసెత్తకు అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

తమ్ముడి పెళ్ళాం అని పేరేగానీ ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి తనొక్కతే. వాడు వ్యాను వేసుకుని వెళ్తే నాలుగు రోజులకి గానీ రాడు. ఆపుకోవద్దంటే ఎలా వదినా అని నవ్వింది. తను పనిచేసేది పెద్ద బట్టల షాపు, మా లైబ్రరీకి ఎదురు వరసలోనే. టాయిలెట్ తాళం సూపర్‌వైజర్ జేబులో ఉంటుందట. కస్టమర్ల ముందు వెళ్ళి అడగాలి, ఆయన వాచీ చూసుకుని మళ్ళీనా అంటాడు. అందుకని కౌంటర్ ఆడపిల్లలంతా పొద్దున్నించీ మంచినీళ్ళే ముట్టుకోరట. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే అని తిట్టాను. చెప్తే ఏం చేస్తావు అంది.

ఏం చేస్తానా? లైబ్రరీ వెనక టాయిలెట్ ఉంది. రోజుకి రెండుసార్లు నేను వాడతాను, మిగతా వేళంతా బల్లులది.

జనవరి 22

వచ్చింది. పాఠకులు కానివాళ్ళని లోపలికి రానివ్వకూడదని రూలుంది కదా అని అటెండర్ మరదలికి అడ్డం పడ్డాడు. సంతకం పెడితే పాఠకురాలే అన్నాను. పెట్టింది. వెనక్కి వెళ్ళింది. వస్తూ వస్తూ నా కూజాలో నీళ్ళు రెండు గ్లాసులు తాగి పోయింది.

ఫిబ్రవరి 10

తనొక్కతే అనుకున్నాను. కౌంటర్ పిల్లలందరూ దిగారు. వాళ్ళ వెనకాల టైలరింగ్ షాపు వాళ్ళు, ఫోన్ రిపేర్ కొట్టులో అమ్మాయి, పేవ్‌మెంటు మీద కూరగాయలమ్మే ఆవిడ, కూడలిలో నిలబడే ట్రాఫిక్ పోలీసమ్మ. ఈ బజారు మొత్తానికి ఆడవాళ్ళు వెళ్ళే చోటు ఇంకోటి లేదని నాకు ఇన్నేళ్ళ ఉద్యోగంలో తట్టనేలేదు. అందరికీ ఒకటే మాట చెప్పాను, సంతకం పెట్టండి, వెళ్ళండి.

అటెండర్ ముఖం మాడ్చుకున్నాడు. పుస్తకాలు సర్దడానికి చేరానుగానీ దొడ్లు కడగడానికి కాదన్నాడు. సరే, నేనే కడుగుతాను అన్నాను. రెండ్రోజులు కడిగాను. మూడో రోజు నేను వచ్చేసరికి కడిగేసి, తలుపుకి లోపల కొత్త గడియ కూడా బిగించి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటున్నాడు.

మార్చి 12

లైను పెరిగింది. నిలబడి నిలబడి విసుగొచ్చి చేతికందిన పుస్తకం తిరగేస్తున్నారు. పోలీసమ్మ ఎస్సై పరీక్ష పుస్తకాలు ఉన్నాయా అని అడిగింది. కూరగాయలావిడకి చదువు రాదు, గ్రహాల బొమ్మల పుస్తకం పట్టుకుని ఒక్కో పేజీ అరచేత్తో తుడుస్తూ చూస్తుంది. శనిగ్రహానికి ఆ గాజు ఎవరు తొడిగారు అని అడిగింది. తొడిగినవాళ్ళు ఇంకా దొరకలేదన్నాను. పేపర్ల పెద్దమనుషులకి మాత్రం కడుపుమంట. లైబ్రరీ సంత అయిపోయిందట.

ఏప్రిల్ 3

మూడు నెలల రిపోర్టు పంపాను. మహిళా పాఠకుల గడిలో రిజిస్టర్‌లో ఉన్న సంఖ్యే వేశాను. అబద్ధం ఒక్కటి లేదు. వచ్చారు, సంతకం పెట్టారు. ఎందుకొచ్చారు అనే గడి ఆ ఫారంలో లేదు.

ఏప్రిల్ 19

కడుపు నిలిచింది! మరదలు పొద్దున్నే లేపి చెప్పింది. జనవరి తర్వాత చలిజ్వరం మళ్ళీ రానేలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు వ్యాను రోడ్డు పక్కన ఆపేసి ఏడ్చాడట, వెధవ. ఎవరికీ చెప్పొద్దంది. అటెండర్‌కి చెప్పేశాను.

మే 16

పై ఆఫీసు మీటింగులో సర్టిఫికెట్ ఇచ్చారు. చిన్న ఊళ్ళ లైబ్రరీలన్నిట్లోకీ మహిళా పాఠకులు మా దగ్గరే ఎక్కువ. ఆఫీసరు మైకు నా మూతి దగ్గర పెట్టి రహస్యం చెప్పమన్నాడు. సౌకర్యాలు కల్పించామండీ అన్నాను. చప్పట్లు. బస్సులో తలుచుకుని తలుచుకుని ఒక్కదాన్నే నవ్వాను. పక్క సీటాయన లేచి వేరే చోట కూర్చున్నాడు.

జూన్ 24

నాలుగో నెల దాటింది. దాటేసింది. డాక్టరమ్మ ఇప్పటిదాకా అంతా బాగుంది, నీళ్ళు మాత్రం మానకు అంది. ఎక్కడ మానుతాను, నా ఉద్యోగం ఇప్పుడు షాపులో కాదు వదిన వాళ్ళ దొడ్లోనే అని మరదలు డాక్టరమ్మతోనే జోకులు.

జూన్ 28

ఆర్డరు వచ్చింది. మహిళా పాఠకుల సంఖ్య విశేషంగా పెరిగినందువల్ల మా లైబ్రరీకి ప్రత్యేకంగా మహిళా పఠన మందిరం మంజూరు. గబగబా అటెండర్‌కి చదివి వినిపించాను. అందరికీ టీ తెప్పించాడు, తన డబ్బులతో.

జూలై 4

ఇంజనీరు వచ్చాడు. టేపు పట్టి కొలిచాడు, వెనక్కి వెళ్ళాడు, టాయిలెట్ గోడ మీద సుద్దతో పెద్ద ఇంటూ గీశాడు. ఖాళీ స్థలం వెనకే కదా, ఇది అడ్డం కదా అని నాకే నచ్చజెప్పాడు. దీన్ని కొడితే గానీ గది రాదట. మరి టాయిలెట్ అంటే రెండో దశలో అన్నాడు. రెండో దశ ఎప్పుడంటే మొదటి దశ అయ్యాక అన్నాడు. ఆడవాళ్ళు వచ్చేది దానికోసమే నాయనా అన్నాను. జోకనుకుని పగలబడి నవ్వాడు.

జూలై 6, మధ్యాహ్నం

ఆఫీసరుకి ఫోన్ చేశాను. టాయిలెట్ ఉంచి కట్టమని అడిగాను. ప్లానైపోయింది, డబ్బు విడుదలైంది, ఇప్పుడేమిటమ్మా అన్నాడు. ఆడవాళ్ళకి ఇబ్బంది సార్ అన్నాను. ఒక గంట చదువుకుని ఇంటికెళ్ళేవాళ్ళకి ఇబ్బందేమిటి అన్నాడు. నేను నసిగాను. అప్పుడు ఆయన గొంతు మారింది. వాళ్ళు వచ్చేది చదువుకోవడానికే కదా, ఆ లెక్కలు నిజమే కదా, నేను పైవాళ్ళకి చెప్పేశాను సుమా అన్నాడు.

జూలై 6, సాయంత్రం

నిజమేనండీ అన్నాను. అదీ నేను చెప్పింది. నిజమేనండీ, చదువుకోవడానికేనండీ అన్నాను. నోరు పడిపోయినా బాగుండేది.

జూలై 15

కొట్టేశారు. ఒక్క పూటలో అయిపోయింది. కౌంటర్ పిల్లలు వచ్చి, వెనక మట్టికుప్ప చూసి, నా ముఖం చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. పోలీసమ్మ మాత్రం ఎవడి తెలివి ఇది అని అడిగింది.

జూలై 22

పక్క బ్యాంకులో అడిగాను. ఖాతాదారులకే అన్నారు. ఖాతా ఉందన్నాను. మీకైతే సరే, గర్భిణీ అయినా వేరేవాళ్ళని పంపొద్దు అన్నారు. కాఫీ హోటల్ వాళ్ళ దగ్గర ఆడవాళ్ళకి లేనే లేదు. ఇల్లు చూస్తే రెండు బస్సులు మారాలి. అటెండర్ తన అక్కగారింట్లో అడిగాడు, బజారుకి ఆ చివర. మరదలు మూడు రోజులు వెళ్ళింది. పోయి వచ్చేసరికి ఆలస్యం అవుతోందని సూపర్‌వైజర్ కౌంటర్ నుంచి తీసేసి పై అంతస్తులో మడతలు పెట్టే పనిలో వేశాడు. ఇక అక్కడికీ లేదు.

ఉద్యోగం మానెయ్యమన్నాను. వ్యాను వాయిదాలు ఎవరు కడతారు, ఆఖరి రెండు నెలలు ఎలాగూ మానాలి, అప్పటిదాకా సర్దుకుంటాను అంది. సర్దుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. తనకి తెలుసు. ఇద్దరం టీవీ చూశాం.

ఆగస్టు 9

నీళ్ళ సీసా నింపి పంపుతున్నాను. నిండుగా తిరిగొస్తోంది. అడిగితే షాపులో తాగుతున్నా అంటుంది. నేను నమ్మినట్టు ఊరుకుంటున్నాను.

ఆగస్టు 17

ఇవాళ ఊరుకోలేదు. గట్టిగా అరిచాను. తాగు, తాగి చావు, కానీ తాగు అన్నాను. ఏం మాటలో అవి! తాగితే ఎక్కడికి వెళ్ళను వదినా, నువ్వే చెప్పు అంది. అరవలేదు, మామూలుగానే అడిగింది.

ఆగస్టు 23

చలిజ్వరం. దుప్పట్లు రెండు కప్పినా వణుకు ఆగలేదు. తమ్ముడు లైన్లో దొరకలేదు. ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని, ఈసారి ఆరో నెల కదా, ఆరో నెలైతే గట్టిపడుతుంది కదా అని అడుగుతూనే ఉంది. అవునమ్మా అంటూనే ఉన్నాను.

ఆగస్టు 24

ఇన్ఫెక్షన్ కిడ్నీలకి ఎక్కిందట. డాక్టరమ్మ చెవులు మెలిపెట్టినంత పని చేసింది. ఇంత చెప్పినా నీళ్ళెందుకు తాగలేదు అని. మరదలు నా వైపు చూడలేదు. మర్చిపోయానండీ అంది.

ఆగస్టు 25

పోయింది. ఆడపిల్ల.

సెప్టెంబర్ 20

మరదలు పనిలోకి వెళ్తోంది. నేనూ వెళ్తున్నాను. తమ్ముడు ఇంట్లో ఉంటే వ్యాను కడుగుతూ ఉంటాడు. కడిగిందే కడుగుతాడు.

అక్టోబర్ 4

రిపోర్టు పంపాను. సెప్టెంబర్ నెల మహిళా పాఠకుల గడి మళ్ళీ అయిదారు దగ్గరకొచ్చింది. ఆఫీసరు ఫోన్ చేసి ఓదార్చాడు. నిర్మాణం పనుల వల్ల తాత్కాలికంగా తగ్గడం సహజం, మందిరం తెరిస్తే ఎగబడతారు, దిగులు పెట్టుకోవద్దు అన్నాడు. సరేనండీ అన్నాను. నా నోటికి వచ్చే మాటలు ఇవే.

అక్టోబర్ 19

మరదలికి చెప్పేశాను. జూలైలో ఫోన్ చేశాననీ, అడిగితే చదువుకోవడానికే వస్తున్నారని చెప్పాననీ. గిన్నెలు తోముతోంది. తోముతూనే వింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. నీకూ సూపర్‌వైజర్ ఉన్నాడు కదా వదినా అంది. ఆ తర్వాత భోజనానికి నన్ను పిలవలేదు. తనూ తినలేదు.

నవంబర్ 21

ప్రారంభోత్సవం. నీలం కర్టెన్లు, మెత్తటి కుర్చీలు, గోడ నుంచి గోడకి తివాచీ. ఫోటోకి ఆడవాళ్ళు కావాలంటే హెడ్డాఫీసు క్లర్కుల్ని ఒక బండినిండా తెచ్చి కూర్చోబెట్టి చేతుల్లో పుస్తకాలు పెట్టారు. ఒకావిడ పుస్తకం తలకిందులుగా పట్టుకుంది, ఫోటోగ్రాఫర్ సరిచేశాడు. రిబ్బను కత్తిరించింది ఆఫీసరు భార్య. అరగంట కాగానే నా చెవిలో, టాయిలెట్ ఎక్కడండీ అని అడిగింది.

రెండో దశలో అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. కారులో ఎక్కించుకుని ఎక్కడికో తీసుకెళ్ళారు.

డిసెంబర్ 8

మందిరంలో ఎవరూ లేరు. నిన్న కూడా. బీమా ఏజెంటు మెత్తటి కుర్చీలు చూసి మనసుపడ్డాడు గానీ అటెండర్ తరిమాడు.

డిసెంబర్ 16

పై ఊళ్ళ లైబ్రేరియన్లని వెంటేసుకుని ఆఫీసరు ఎల్లుండి వస్తున్నాడట. మా మందిరాన్ని నమూనాగా చూపిస్తాడట. సాంబ్రాణి లాంటిదేదైనా పెట్టి, కుర్చీలు తుడిపించి ఉంచమన్నాడు.

ఆ ఫోన్ పెట్టేస్తుండగా మరదలు వచ్చింది. జూలై తర్వాత లైబ్రరీ గుమ్మం తొక్కడం ఇదే. సంతకం పెట్టలేదు. హాలు మధ్యలోంచి, పేపర్ల పెద్దమనుషులందరూ చూస్తుండగా, తిన్నగా వెనక్కి నడిచింది. మందిరంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. తలుపు దాకా వెళ్ళి చెయ్యెత్తి కూడా తట్టలేకపోయాను.

కాసేపటికి బయటికొచ్చింది. చీర సర్దుకుంది. దొడ్డి ఇక్కడే ఉండేది కదా వదినా అంది. నా టేబుల్ దగ్గర ఆగి నీళ్ళు అడిగి, రెండు గ్లాసులు గటగటా తాగి షాపుకి వెళ్ళిపోయింది.

లోపలికెళ్ళి చూశాను. తివాచీ మధ్యలో. చాలా మేర తడి.

డిసెంబర్ 17

అటెండర్ బకెట్టు, ఫినాయిలు పట్టుకుని వచ్చాడు. వద్దన్నాను. కిటికీలు కూడా మూసేయించాను.

రేపు ఆఫీసరు ముక్కు మూసుకుని ఏమిటీ వాసన అంటాడు. ఈసారి చెప్తాను.